జోన్ 2, స్టేజ్ 2, ప్రీ-ప్లస్: నెలలు నిండని బిడ్డ కంటి రిపోర్టులో ముందుగా చూడవలసినది ఏది?

మీరు రాసిన వివరాలను బట్టి, మీ పాప 29 వారాలకు 1,150 గ్రాముల బరువుతో పుట్టింది; గర్భం మొదలైన నాటి నుంచి లెక్కిస్తే ఇప్పుడు 34వ వారం నడుస్తోంది. మొన్నటి కంటి పరీక్షలో రెండు కళ్లకూ "పోస్టీరియర్ జోన్ 2, స్టేజ్ 2, ప్రీ-ప్లస్" అని రాసి, వారం లోపల మళ్లీ తీసుకురమ్మన్నారు. అయిదు స్టేజీలలో ఇది రెండోదే కనుక ఇంకా తొలి దశేనా, ప్రయాణం కష్టంగా ఉంది కనుక మరో వారం ఆగి వెళ్లవచ్చా, ఒకవేళ లేజరో ఇంజెక్షనో అవసరమైతే చూపు ఎంతవరకు నిలుస్తుంది అని మూడు ప్రశ్నలు అడిగారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల రెటీనాను, అంటే కంటి లోపల వెలుగును గ్రహించే వెనుక పొరను, చాలా ఏళ్లుగా పరీక్షిస్తూ, చికిత్స చేస్తూ ఉన్న వైద్యునిగా జవాబు రాస్తున్నాను.

ముందుగా రెండో ప్రశ్నకు సమాధానం: ఆగకండి. చెప్పిన తేదీకి వెళ్లండి. ఒక రోజు ముందుగా వెళ్లినా మంచిదే. ఇలా అనడానికి కారణం స్టేజ్ 2 అన్న అంకె కాదు, దాని పక్కన ఉన్న మిగతా రెండు మాటలు. తల్లిదండ్రుల దృష్టి సహజంగా స్టేజ్ మీదికే పోతుంది, ఎందుకంటే అది అంకె, పైగా క్యాన్సర్ విషయంలో స్టేజ్ అనే మాట అందరూ విన్నదే. కానీ రెటినోపతి ఆఫ్ ప్రిమెచ్యూరిటీలో, అంటే మనం ఆర్.ఓ.పి. అని పిలిచే ఈ జబ్బులో, చికిత్స కావాలా వద్దా, చేస్తే ఎంతవరకు ఫలిస్తుంది అనేది మొదట జోన్ మీద, తర్వాత ప్లస్ మీద ఆధారపడుతుంది. రెటీనా ఊడిపోనంత వరకు స్టేజ్ మూడో స్థానంలోనే ఉంటుంది.

కారణం అర్థం కావాలంటే రెటీనాలో రక్తనాళాలు ఎలా పెరుగుతాయో కొంచెం చెప్పాలి. గర్భంలో సుమారు 16వ వారంలో కంటి నరం దగ్గర మొదలై, అవి నలువైపులా అంచుల దిశగా పాకుతాయి. ముక్కు వైపు అంచుకు దాదాపు 36వ వారానికి, చెవి వైపు అంచుకు నెలలు నిండే సమయానికి చేరుకుంటాయి. ఇరవై తొమ్మిదో వారంలో పుట్టిన బిడ్డలో అవి ఇంకా దారిలోనే ఉంటాయి. పుట్టిన వెంటనే, తల్లి గర్భంలో కంటే ఎక్కువ ఆక్సిజన్ తగలడం వల్లా, ఎదుగుదలకు కావలసిన ఐ.జి.ఎఫ్.-1 వంటివి తల్లి నుంచి అందకుండా పోవడం వల్లా నాళాల పెరుగుదల ఆగిపోతుంది. కాలువ చివరి భూములకు నీరందనట్టుగా, అవతలి రెటీనాకు రక్తం అందదు. వారాలు గడిచి ఆ రెటీనా ఎదిగేకొద్దీ దానికి ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది. అది దొరకక, నాళాలను పుట్టించే వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థాన్ని ఎక్కువగా విడుదల చేస్తుంది. సుమారు 32వ వారం నుంచి కనిపించే అసహజమైన కొత్త నాళాలు ఇలా పుట్టినవే.

జోన్ అంటే నాళాలు ఎంత దూరం వచ్చి ఆగాయో చెప్పే కొలత. మీ ఫైలులో రెండు వలయాలు అచ్చువేసిన కాగితం ఒకటి ఉంటుంది, తీసి చూడండి. మధ్యలో చిన్న సున్నా కంటి నరం. దాని చుట్టూ, నరం నుంచి, స్పష్టమైన చూపునిచ్చే మాక్యులా మధ్యభాగానికి ఉన్న దూరానికి రెట్టింపు వ్యాసార్థంతో గీసిన వలయం జోన్ 1. అక్కడి నుంచి ముక్కు వైపు అంచును తాకే పెద్ద వలయం వరకు జోన్ 2. చెవి వైపు మిగిలే నెలవంక ఆకారపు భాగం జోన్ 3. జోన్ 1 హద్దును ఆనుకుని బయటకు, కంటి నరపు బిళ్ల వ్యాసానికి రెండింతల వెడల్పు ఉన్న పట్టీని 2021లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణ మూడవ కూర్పు పోస్టీరియర్ జోన్ 2 అని ప్రత్యేకంగా పేర్కొంది. మీ పాప నాళాలు ఆగినది ఇక్కడే. పేరుకు జోన్ 2 అయినా, ప్రవర్తనలో ఇది జోన్ 1కు దగ్గరగా ఉంటుంది కనుకనే దాన్ని వేరు చేయవలసి వచ్చింది.

జోన్ ఇంత ముఖ్యం కావడానికి లెక్క సులభం. నాళాలు ఎంత వెనుక ఆగితే, రక్తం అందని రెటీనా అంత ఎక్కువగా మిగులుతుంది. అది ఎక్కువగా ఉంటే వి.ఇ.జి.ఎఫ్. ఎక్కువ పుడుతుంది, జబ్బు వేగంగా ముదురుతుంది. లేజర్ చేయాల్సి వస్తే కాల్చవలసినది కూడా ఆ రక్తం అందని రెటీనానే కనుక, అంత ఎక్కువ భాగాన్ని వదులుకోవాలి. పక్కచూపు తగ్గడానికీ, పెద్ద మైనస్ పవర్ రావడానికీ అవకాశం పెరుగుతుంది. జబ్బు తీవ్రత, చికిత్స ఫలించే అవకాశం, ఫలించినా చెల్లించవలసిన మూల్యం అనే మూడూ ఈ ఒక్క కొలతలోనే ఇమిడి ఉన్నాయి.

ఇక స్టేజ్. రక్తం ఉన్న రెటీనాకూ లేనిదానికీ మధ్య హద్దు దగ్గర ఏం కనిపిస్తోందో అది చెబుతుంది. పల్చని తెల్లని గీత మాత్రమే ఉంటే స్టేజ్ 1. ఆ గీత ఎత్తూ వెడల్పూ పొంది గట్టులా లేస్తే స్టేజ్ 2. గట్టు మీది నుంచి కొత్త నాళాలు రెటీనా తలాన్ని దాటి కంటి లోపలి విట్రియస్ జెల్లీలోకి పొడుచుకు వస్తే స్టేజ్ 3. రెటీనా కొంత ఊడితే స్టేజ్ 4, పూర్తిగా ఊడితే స్టేజ్ 5. స్టేజ్ 4లో మాక్యులా మధ్యభాగం ఇంకా అంటుకుని ఉంటే 4ఎ, అదీ ఊడితే 4బి. అచ్చంగా అసహజ నాళాల పెరుగుదల అని చెప్పదగినది స్టేజ్ 3లోనే మొదలవుతుంది. అయినా జోన్ 3లో స్టేజ్ 3 ఉండి ప్లస్ లేని కళ్లు చాలావరకు ఏ చికిత్సా లేకుండానే సర్దుకుంటాయి. అంకె పెద్దదైనంత మాత్రాన ప్రమాదం పెద్దది కాదనడానికి ఇది ఒక ఉదాహరణ. దీనికి తిరగేసిన ఉదాహరణ మీ పాప విషయంలోనే ఉంది, దాని గురించి కింద చెబుతాను.

ప్లస్ అంటే కంటి నరం చుట్టూ ఉన్న పెద్ద నాళాలు ఉబ్బి, మెలికలు తిరగడం. హద్దు దగ్గర జరుగుతున్న గొడవ వెనుక భాగపు ప్రధాన నాళాల దాకా పాకింది అనడానికి ఇది గుర్తు. పరీక్ష సమయంలో మీరు బయట కూర్చున్నప్పుడు లోపల జరిగేది ఇదీ: చుక్కలు వేసి కంటిపాపను విప్పార్చి, రెప్పలను చిన్న తీగ పరికరంతో తెరిచి ఉంచి, తలకు పెట్టుకున్న దీపపు వెలుగును చేతిలోని లెన్సు గుండా లోపలికి పంపుతాము. సిరలు లావుగా, ముదురు ఎరుపుగా కనిపించాలి. ధమనులు సన్నగా, దాదాపు సూటిగా సాగిపోవాలి. ధమని పాములా ఒంపులు తిరుగుతూ ఉంటే, సిర ఉబ్బి ఉంటే, అది ప్లస్. మామూలు కంటే తేడాగా ఉండి, ప్లస్ అనేంత లేకపోతే ప్రీ-ప్లస్. చుక్కలు రెండు మూడు సార్లు వేసినా కంటిపాప విచ్చుకోకపోవడం, కంటిపాప చుట్టూ రంగు వలయమైన ఐరిస్ మీద నాళాలు ఉబ్బి కనిపించడం కూడా జబ్బు ఉధృతంగా ఉందని చెప్పే సూచనలే. లోపలికి చూడకముందే ఈ లక్షణాలు కనిపిస్తే ఆ కన్ను గురించి నేను ఆందోళన పడతాను.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. జోన్‌ను, స్టేజ్‌ను నిర్ణయించడం కంటే ప్లస్‌ను నిర్ణయించడం కష్టం. ఒకే ఫోటోను చూసి ఒక నిపుణుడు ప్లస్ అని, మరొకరు ప్రీ-ప్లస్ అని చెప్పడం పరిశోధనల్లో పదే పదే బయటపడిన సంగతి. అందుకే 2021 వర్గీకరణ, మామూలు నాళాల నుంచి ప్లస్ వరకు ఇది మధ్యలో గోడల్లేని ఒకే క్రమం అని స్పష్టంగా ఒప్పుకుంది. గతంలోలా రెటీనా నాలుగు భాగాల్లో (క్వాడ్రంట్లలో) ఎన్నిటిలో ఉందో లెక్కపెట్టకుండా జోన్ 1 లోపలి నాళాలన్నిటినీ కలిపి చూడమంది. ఫోటోను చదివి 1 నుంచి 9 వరకు తీవ్రత అంకె ఇచ్చే కంప్యూటర్ పద్ధతులు కూడా వచ్చాయి. నా దృష్టిలో వాటి అసలైన ఉపయోగం ఈ వారం అంకెను పోయిన వారం అంకెతో పోల్చడంలో ఉంది. ఒక్కరోజు చూసిన ప్రీ-ప్లస్ చెప్పేది తక్కువ. వారం క్రితం మామూలుగా ఉన్న నాళాలు ఇవాళ ప్రీ-ప్లస్ అయ్యాయంటే చెప్పేది చాలా ఎక్కువ.

ఈ మూడు కొలతలను కలిపి చికిత్సా నిర్ణయంగా మార్చడం ఒక్కసారిగా జరగలేదు. అంతర్జాతీయ వర్గీకరణ తొలి కూర్పు 1984లో వచ్చింది. దాని ఆధారంగా అమెరికాలో జరిగిన క్రయో-ఆర్.ఓ.పి. పరిశోధనలో 1,251 గ్రాముల కంటే తక్కువ బరువుతో పుట్టిన పిల్లలను గమనిస్తే, దాదాపు మూడింట రెండు వంతుల మందికి ఏదో ఒక స్థాయిలో ఆర్.ఓ.పి. వచ్చింది, చికిత్స కావలసినంత ముదిరినది సుమారు 6 శాతం మందిలోనే. అంటే చాలామంది పిల్లల్లో ఇది వచ్చి, దానంతట అదే పోతుంది. ముదిరిన కళ్లలో, రక్తం అందని రెటీనాను అతి చల్లదనంతో గడ్డకట్టించే క్రయో చికిత్స చేస్తే, ఏడాది నాటికి రెటీనా పాడైన కళ్లు 47.4 శాతం నుంచి 25.7 శాతానికి తగ్గాయి. తగ్గుదల పెద్దదే. కానీ చికిత్స పొందిన కళ్లలోనూ నాలుగింట ఒకటి పాడైపోయింది, జోన్ 1 కళ్లలో అయితే అత్యధికం నిలవలేదు. కారణం, అప్పటి నియమం ప్రకారం స్టేజ్ 3 గట్టు గడియారపు ముఖం మీద వరుసగా 5 గంటల మేరకో, విడివిడిగా మొత్తం 8 గంటల మేరకో పాకి, ప్లస్ కూడా వచ్చేవరకు ఆగడం. స్టేజ్‌కు పెద్దపీట వేసిన నియమం అది.

2003లో ఫలితాలు వెలువడిన ఇ.టి.-ఆర్.ఓ.పి. పరిశోధన దాన్ని తలకిందులు చేసింది. జోన్ 1లో ప్లస్ ఉంటే స్టేజ్ ఏదైనా, జోన్ 1లో ప్లస్ లేకున్నా స్టేజ్ 3 ఉంటే, జోన్ 2లో ప్లస్‌తో పాటు స్టేజ్ 2 లేదా 3 ఉంటే, అది టైప్ 1. 48 నుంచి 72 గంటల్లో చికిత్స చేయాలి. ముందుగా చికిత్స చేయడం వల్ల తొమ్మిది నెలల వయసుకు రెటీనా పాడైన కళ్లు 15.6 శాతం నుంచి 9.1 శాతానికి తగ్గాయి. ఆ పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మళ్లీ చూస్తే అంతకంటే విలువైన సంగతి ఒకటి తేలింది: టైప్ 1 కళ్లలో చూపు సరిగా లేనివి 32.8 శాతం నుంచి 25.1 శాతానికి తగ్గగా, అంతకంటే తేలికైన టైప్ 2 కళ్లలో తొందరపడి లేజర్ చేయడం వల్ల ఏ లాభమూ కనబడలేదు. వర్గీకరణ ఎందుకు అవసరమో చెప్పడానికి నాకు తెలిసిన అత్యుత్తమ ఆధారం ఇదే. ఎవరికి చేయాలో చెప్పినంత స్పష్టంగా, ఎవరికి చేయకూడదో కూడా అది చెబుతుంది.

ఇప్పుడు మీ పాప విషయానికి రండి. జోన్ 2, స్టేజ్ 2, ప్రీ-ప్లస్. ఇందులో ప్రీ-ప్లస్ ప్లస్‌గా మారితే చాలు, స్టేజ్ అంకె 2 దగ్గరే ఉండగానే ఆ కన్ను టైప్ 1 అవుతుంది, మూడు రోజుల్లోపు చికిత్స కావలసి వస్తుంది. ఇ.టి.-ఆర్.ఓ.పి.లో ముందస్తు చికిత్స జరిగిన సగటు వయసు 35.2 వారాలు, మీ పాప సరిగ్గా ఆ వయసుకు చేరుకుంటోంది. మీరు వాయిదా వేయాలనుకుంటున్న వారం ఈ జబ్బు క్రమంలో అత్యంత కీలకమైన వారం. అలాగని లేజర్ తప్పదని నేను అనడం లేదు. ఇలాంటి కళ్లు ఎన్నో ప్రీ-ప్లస్ దగ్గరే ఆగి, నాళాలు మెల్లగా ముందుకు పాకి సర్దుకోవడం మేము తరచుగా చూస్తాము. ఏ దారిన పోతుందో ఈ రోజు ఎవరూ చెప్పలేరు, వచ్చే వారపు పరీక్ష చెబుతుంది.

స్టేజీల వరుసను పాటించని రూపం కూడా ఒకటి ఉంది, దాన్ని ఎగ్రెసివ్ ఆర్.ఓ.పి. అంటారు. దానిలో గీత, గట్టు అనే మెట్లు కనబడకుండానే, చదునుగా అల్లుకున్న కొత్త నాళాలతో, నాలుగు వైపులా తీవ్రమైన ప్లస్‌తో కొద్ది రోజుల్లోనే రెటీనా ఊడే దాకా పోవచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా అతి తక్కువ బరువున్న పిల్లల్లో కనిపిస్తే, మన దేశంలో 1,500 గ్రాములు దాటిన పిల్లల్లోనూ కనిపిస్తుంది. ఆక్సిజన్‌ను గాలితో కలిపి తగిన మోతాదులో ఇచ్చే బ్లెండర్లు, నిరంతరం కొలిచే పరికరాలు అన్ని పసిపిల్లల వార్డుల్లోనూ లేకపోవడం దీనికి ఒక ప్రధాన కారణం. హైదరాబాద్, సికింద్రాబాద్ జంటనగరాల్లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ నిపుణులు పసిపిల్లల వార్డులకే వెళ్లి పరీక్షలు చేసిన అనుభవంలో, అమెరికా, బ్రిటన్ కొలబద్దలను యథాతథంగా వాడితే ఇక్కడ చికిత్స అవసరమైన కొందరు పిల్లలు తప్పిపోతారని తేలింది. అందుకే మన దేశంలో 34 వారాల లోపు గానీ, 2,000 గ్రాముల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజులలోపు మొదటి కంటి పరీక్ష జరగాలని నియమం పెట్టుకున్నాము. 28 వారాల లోపు పుట్టినవారికి ఇంకా ముందే జరగాలి. మీ బంధువుల్లో ఎవరికైనా ఇలాంటి బిడ్డ ఉంటే, బరువు బాగానే ఉందని ఈ పరీక్షను వదలవద్దని చెప్పండి.

లేజరా, ఇంజెక్షనా అన్నది కూడా చాలావరకు ఈ వర్గీకరణే నిర్ణయిస్తుంది. 2011లో వెలువడిన బీట్-ఆర్.ఓ.పి. ఫలితాల ప్రకారం, జోన్ 1 జబ్బులో, వి.ఇ.జి.ఎఫ్.ను అణచే బెవాసిజుమాబ్ అనే మందును కంటిలోకి ఇంజెక్షన్‌గా ఇచ్చాక 6 శాతం పిల్లల్లో జబ్బు తిరగబెడితే, లేజర్ తర్వాత 42 శాతం మందిలో తిరగబెట్టింది. పోస్టీరియర్ జోన్ 2లో ఆ తేడా 5, 12 శాతాలకు తగ్గింది, గణాంక శాస్త్రం ప్రకారం అది నిర్ధారణగా చెప్పదగిన తేడా కాదు. 2019లో వచ్చిన రెయిన్‌బో పరిశోధనలో అదే కోవకు చెందిన రానిబిజుమాబ్ మందు 0.2 మిల్లీగ్రాముల మోతాదులో 80 శాతం మందిలో, లేజర్ 66 శాతం మందిలో ఫలించాయి. కనుక జోన్ 1కు, ఎగ్రెసివ్ రూపానికి నేను ఇంజెక్షన్ వైపే మొగ్గుతాను. ప్లస్ మూడు రోజుల్లోనే తగ్గడం కనిపిస్తుంది, రెటీనా కాలిపోదు, నాళాలు ముందుకు పాకే అవకాశం మిగులుతుంది.

కానీ ఇంజెక్షన్ తర్వాత పని పూర్తయిందని అనుకోవడం ప్రమాదకరం. లేజర్ వి.ఇ.జి.ఎఫ్. పుట్టే చోటునే తీసేస్తుంది; ఇంజెక్షన్ దాన్ని కొన్ని వారాలు అణచిపెడుతుంది. బీట్-ఆర్.ఓ.పి.లో జబ్బు తిరగబెట్టడానికి లేజర్ తర్వాత సగటున 6 వారాలు పడితే, ఇంజెక్షన్ తర్వాత 16 వారాలు పట్టింది. పాప ఇంటికి చేరి, బరువు పెరిగి, అందరూ జబ్బును మరచిపోయిన సమయం అది. అందువల్ల ఇంజెక్షన్ తీసుకున్న బిడ్డను నెలల తరబడి క్రమం తప్పకుండా చూపించాలి. కొందరికి తర్వాత లేజర్ కూడా అవసరమవుతుంది. మందు రక్తంలోకి చేరి శరీరమంతటా వి.ఇ.జి.ఎఫ్.ను కొన్ని వారాల పాటు తగ్గిస్తుందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి, అది ఎదిగే అవయవాలకు అవసరమైన పదార్థం. గట్టు మీద తెల్లని పీచుపొర ఏర్పడిన కంటికి ఇంజెక్షన్ ఇస్తే ఆ పొర ముడుచుకుని రెటీనాను లాగివేసే ప్రమాదం ఉంది. మీ పాప లాంటి కంటిలో ప్లస్ వస్తే, హద్దు జోన్ 1కు ఎంత దగ్గరగా ఉంది, మీరు ఎంత దూరం నుంచి వస్తున్నారు, నెలల తరబడి రాగలరా అనేవన్నీ కలిపి వైద్యుడు నిర్ణయిస్తాడు. రాలేని కుటుంబానికి నేను లేజర్‌నే సూచిస్తాను.

చూపు గురించి మీరు అడిగినదానికి: టైప్ 1 దశలో, సమయానికి చికిత్స జరిగి రెటీనా ఊడకుండా నిలిస్తే, బడికి వెళ్లి పలక మీద రాసినవి చదువుకునే చూపు చాలామంది పిల్లలకు వస్తుంది. కళ్లద్దాలు మాత్రం అవసరం కావచ్చు. ఇ.టి.-ఆర్.ఓ.పి.లో చికిత్స పొందిన కళ్లలో దాదాపు మూడింట రెండు వంతులకు మైనస్ పవర్ వచ్చింది; మెల్లకన్ను, ఒక కన్ను మందగించడం కూడా ఉండవచ్చు కనుక బడి వయసు వరకు పరీక్షలు మానకూడదు. 4ఎ దశలో ఆపరేషన్ చేసినా చాలా కళ్లు నిలుస్తాయి. అయిదో స్టేజ్ దాకా వస్తే, ఎంత మంచి చేతిలో ఆపరేషన్ జరిగినా, వెలుగునో నీడనో గుర్తించడం కంటే ఎక్కువ చూపు రావడం అరుదు.

ఈ వారం వెళ్లినప్పుడు నాలుగు సంగతులు అడిగి, ఆ రెండు వలయాల కాగితం మీదే రాయించుకోండి: హద్దు ముందుకు జరిగిందా, ప్రీ-ప్లస్ పోయినసారి కంటే పెరిగిందా తగ్గిందా, రెండు కళ్లూ ఒకేలా ఉన్నాయా, తర్వాతి పరీక్ష ఏ తేదీన. చికిత్స అవసరమైతే ఎక్కడ చేస్తారో, పసిపిల్లల వైద్యుని పర్యవేక్షణ అక్కడ ఉందో లేదో కూడా ముందే తెలుసుకోండి, ఎందుకంటే ప్లస్ వచ్చాక వెతుక్కోవడానికి మీ చేతిలో మూడు రోజులే ఉంటాయి. పరీక్షకు గంట ముందు పాలు పట్టకండి, కక్కుకునే అవకాశం ఉంటుంది. పాత రిపోర్టులన్నీ, డిశ్చార్జ్ సమ్మరీ, ఆక్సిజన్ ఎన్ని రోజులు ఇచ్చారో రాసిన కాగితం వెంట తీసుకువెళ్లండి. వెళ్లి వచ్చాక ఆ కాగితంలో ఏం రాశారో ఇక్కడ రాస్తే, దాని అర్థమేమిటో వివరిస్తాను.